బండికి కప్పిన బొంత

మా తమ్ముడి కొడుక్కి పెళ్ళి కుదిరింది. పెళ్ళికి ముందే పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ గుట్టల మీదా గట్ల మీదా ఫోటోలు దిగడం ఇప్పుడొక తంతు అయింది కదా, దానికోసం వాడు హైదరాబాదు నుంచి గుడ్డ టాపు జీపొకటి కిరాయికి తెచ్చాడు. పుష్యమాసపు చలి, పొద్దెక్కినా మంచు విడవలేదు. ఆ చలిలో టాపు మడిచి వెనక్కి నెట్టి, జీపును మా వాకిట్లో నిలబెట్టి, నా మంచం మీది బొంతను నన్ను అడక్కుండానే తీసుకుపోయి బానెట్ మీద పరిచారు. పాతకాలపు కళ వస్తుందట. నేను స్నానం చేసి బయటికి వచ్చేసరికి పెళ్ళికూతురు చెప్పులతోనే దాని మీదికి ఎక్కబోతోంది. కొస పట్టుకుని ఒక్క గుంజు గుంజాను. పిల్ల పడలేదు, అంతవరకు మా అదృష్టం.

"గుడ్డపేలికకు గింత కోపమా పెద్దనాయినా?" అన్నాడు మావాడు. కెమెరా పట్టుకున్న కుర్రాడు మాత్రం బొంతనే చూస్తూ, "మస్తుంది సార్, చేతికుట్టా? ఎవరు కుట్టిండ్రు?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా మావాడే ఛాతీ విరుచుకుని జవాబిచ్చాడు. "మా పెద్దనాయిననే. సౌదీల కుట్టిండు. గప్పుడు రోజూ గిసొంటి బండే నడిపెటోడు, ఓపెన్ టాప్!" ఆ మాటకి పెళ్ళికూతురు నన్ను కొత్తగా చూసింది. నేను బొంత చంకన పెట్టుకుని లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాను.

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరికీ తెలుసు. బీపీ గోళీలు తెచ్చిస్తారు తప్ప, ఎవరి మీద నీ కోపం అని ఒక్కరూ అడగలేదు. ఆ బొంత నేను కుట్టలేదు. నేను కుట్టానన్న అబద్ధం నా నోటినుంచే మొదట వచ్చింది. అది ఎక్కడ, ఎందుకు వచ్చిందో చెప్పాలంటే ఆ బండి గురించి చెప్పాలి.

సౌదీ అంటే మనవాళ్ళకు ఎండ తప్ప మరొకటి తోచదు. తబూక్‌లో చలికి నా చెవి పోయిందంటే మా ఊళ్ళో ఇప్పటికీ నవ్వుతారు. తబూక్ ఉత్తరాన ఉంటుంది, జోర్డాన్ వైపు. డిసెంబరు వచ్చిందంటే పొలాల్లో టమాటా మొక్కలు తెల్లారేసరికి ఉడకబెట్టినట్టు నల్లగా వాలిపోయేవి. బయట బకెట్లో నీళ్ళు పలక కట్టేవి. దూరాన కొండల మీద ఒక్కో ఏడు మంచు పడేది, అది చూడటానికి ఎక్కడెక్కడివాళ్ళో కార్లేసుకుని వచ్చి పండగ చేసుకునేవారు. మేము మాత్రం రెండేసి ప్యాంట్లు తొడుక్కుని, మఫ్లర్లు చుట్టుకుని, సనాయియాలో డేరాలు కుట్టేవాళ్ళం. సనాయియా అంటే ఊరి బయట షెడ్లుండే చోటు. మా దుకాణంలో డేరాలు, లారీ పట్టాలు, కారు సీట్ల కవర్లు కుట్టేవాళ్ళం. మైనం పూసిన కాన్వాసు వాసన, మిషను నూనె వాసన, పక్క షెడ్డులోంచి డీజిల్ పొగ. చలికాలంలో ఇవన్నీ ముక్కులో గడ్డకట్టుకుని ఉండేవి.

ఆ దుకాణానికి అసలు చేయి రాజీరు కాక. మెట్‌పల్లి పక్కన మా ఊరికి రెండూళ్ళ అవతలివాడు, పుట్టుకతో మేర, అంటే దర్జీల ఇంటివాడు. నేను వెళ్ళేనాటికే పద్దెనిమిదేళ్ళుగా అక్కడ కుడుతున్నాడు. నలభై అయిదు కిలోల మనిషి. మాట తక్కువ. సూదిని కుట్టుకు ముందు తలవెంట్రుకల్లో ఒకసారి రాసుకునేవాడు, వెంట్రుకల్లోని నూనెకు అది జారుగా దిగుతుందని. దారానికి మైనం పట్టించి రెండు వేళ్ళ మధ్య లాగితే ఆ చప్పుడును బట్టి ఎన్నాళ్ళు ఆగుతుందో చెప్పేవాడు. నాకు మిషను తొక్కడం ఊళ్ళోనే వచ్చు, కానీ కుట్టడం నేర్పింది ఆయనే. నేర్పడమంటే మెచ్చుకోవడం కాదు. నేను కుట్టింది చూసి ఏమీ అనకపోతే బాగుందని అర్థం. బాగులేకపోతే మాట్లాడకుండా కుట్లన్నీ విప్పి నా ఒళ్ళో పడేసేవాడు. రెండున్నరేళ్ళలో ఆయన నోట ఒక్కసారి కూడా భేష్ అన్నమాట వినలేదు. అప్పట్లో దానికి కూడా నాకు మంటగానే ఉండేది.

మా కఫీల్ పేరు అబూ సాలెం అనుకోండి. కఫీల్ అంటే వీసా ఇచ్చిన యజమాని, మన బతుకు కాగితం ఆయన చేతిలో ఉంటుంది. చెడ్డగా మాట్లాడేవాడు కాదు. యాలకులు దట్టించిన గహ్వా, వాళ్ళ కాఫీ, తన చేత్తో పోసి ఇచ్చి, "యా వలదీ" అనేవాడు, ఓ నా బిడ్డా అని. నాకు చిన్నప్పటినుంచీ తిట్టేవాళ్ళంటే భయం లేదు, తియ్యగా మాట్లాడేవాళ్ళంటేనే. కాకను దుకాణం పేరు మీద దర్జీగా తెప్పించుకున్నాడు. నన్ను తెప్పించింది ఇంటి డ్రైవర్ వీసా మీద, అది తేలిగ్గా దొరుకుతుందని. ఇకామాలో, అంటే అక్కడ ఉండటానికిచ్చే కాగితంలో డ్రైవర్, పనిలో డేరాల దర్జీ. మా వైపు వాళ్ళలో సగంమందికి కాగితం ఒకటి, పని ఒకటి. ఎవరూ పట్టించుకునేవారు కాదు.

తర్వాత నితాఖత్ వచ్చింది. దుకాణాల్లో సౌదీలు ఎంతమంది ఉన్నారో లెక్కగట్టి ఒక్కోదానికి ఒక్కో రంగు వేశారు. మాది ఎరుపు. ఎరుపులో పడ్డ దుకాణం మీద ఉన్నవాళ్ళ ఇకామాలు ఆగిపోతాయి. తమ దేశంలో తమ పిల్లలకు పని కావాలనుకోవడం తప్పని నేను అనను, మనదగ్గరైనా అదే అడుగుతాం. కానీ అబూ సాలెం ఏ సౌదీనీ పనికి పెట్టలేదు. మేనల్లుడి పేరు కాగితంలో రాయించాడు. ఆ మేనల్లుడి మొహం మేము ఒక్కరోజు కూడా చూడలేదు. అయినా ఆ ఒక్క పేరుతో రంగు మారలేదు. కాక ఇకామా గడువు దాటిపోయింది. నా కాగితానికి ఏమీ కాలేదు, ఎందుకంటే ఇంటి డ్రైవర్లకు ఆ రంగులూ లేవు, ఆ తర్వాత మనిషికింత అని వేసిన లెవీ కూడా లేదు. పద్దెనిమిదేళ్ళు చేతులరగదీసుకున్నవాడు దొంగయ్యాడు, నిన్నమొన్న వచ్చి అబద్ధపు కాగితం పట్టుకున్నవాడు దొరయ్యాడు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సయించదు.

"క్షమాభిక్ష పెట్టిండ్రు గద, ఇంటికి పోరాదు కాక?" అని అడిగాను. గడువు దాటినవాళ్ళను జరిమానా లేకుండా పంపిస్తున్నారు ఆ రోజుల్లో.

"అబూ సాలెం ఆగుమన్నడు. రంగు మారంగనే ఇకామా జేసి, ఖురూజ్ కొట్టి, నా హక్కు నాకిచ్చి తోలుతనన్నడు" అన్నాడు కాక. ఖురూజ్ అంటే దేశం విడిచిపోయే ముద్ర, హక్కు అంటే ఇన్నేళ్ళ పనికి చివర్న రావాల్సిన డబ్బు. "నేను పాస్‌పోర్టు చేతులవట్టుకోని వచ్చిన బిడ్డా. గట్లనే పోత. తర్హీల్‌ల కూసోని, వేలిముద్రలిచ్చి, దొంగలెక్క పోను."

తర్హీల్ అంటే పట్టుబడ్డవాళ్ళను ఉంచి వెనక్కి పంపే చోటు. కాకకు డబ్బు కన్నా అదే ముఖ్యం. పెద్ద ద్వారం నుంచి వచ్చినవాడు పెద్ద ద్వారం నుంచే పోవాలి. అబూ సాలెం ఆ ఆశను పట్టుకుని రెండు చలికాలాలు ఆయన చేత కుట్టించుకున్నాడు. అడిగినప్పుడల్లా బుక్రా అనేవాడు. రేపు అని. అరచేతిలో వైకుంఠం చూపించడమంటే ఏమిటో నాకు అక్కడే తెలిసింది.

తనిఖీలు మొదలయ్యాక దుకాణం వెనక గదిలో మమ్మల్ని ఉండనివ్వలేదు. ఇరవై కిలోమీటర్ల అవతల తన పొలంలో, మోటారు గది పక్కన ఒక గది ఇచ్చాడు. రోజూ రావాలి, పోవాలి. "నువ్వు డ్రైవర్‌వి. కాబట్టి నా బండి నడుపుతూ కనబడాలి. బండి కాగితం జేబులో ఉండాలి. ఎవరాపినా ఇంటి పని మీద వెళ్తున్నానను" అన్నాడు. న్యాయమే. అయితే ఇచ్చిన బండి చూసి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వాళ్ళ తమ్ముడు జెద్దాలో సముద్రం ఒడ్డున షికార్లకు కొనుక్కున్న గుడ్డ టాపు కారు. రెండే తలుపులు. ఒకప్పుడు ఎరుపట, ఎండకు వెలిసి గులాబీ రంగుకొచ్చింది. కంటబడకుండా తిరగాల్సిన ఇద్దరికి, ఊరంతా మెడ తిప్పి చూసే బండి.

దాన్ని చలిలో నడపడం ఎలా ఉంటుందో ఆ జీపులో ఫోటోలు దిగేవాళ్ళకు చెప్పినా అర్థం కాదు. తెల్లారుజామున లేచి, అద్దాల మీది మంచు గీకాలి. బయటి మంచు కాదు, లోపలిది, మా ఊపిరే రాత్రికి రాత్రి లోపల గడ్డకట్టేది. ఖర్జూరం డబ్బా మూతతో గీకేవాణ్ణి. చలికి టాపు గుడ్డ ముడుచుకుపోయి ముందు కొక్కేలు అందేవి కావు. కాక లోపలినుంచి కడ్డీ పట్టుకుని కాళ్ళు పైకి లేపి వేలాడేవాడు, ఆ బరువుకు టాపు జానెడు కిందికి దిగితే నేను ఠక్కున కొక్కెం వేసేవాణ్ణి. వెనక అద్దం అద్దం కాదు, ప్లాస్టిక్కు. ఉల్లిపొర రంగుకొచ్చి, చలికి పెళుసెక్కి, ఒక మూల పగిలింది. ఇంజను వేడి కాళ్ళకు తగిలేది, మోకాళ్ళ పైన లేదు. ఎనభై దాటితే టాపు చాటలో చెరిగినట్టు కొట్టుకునేది, మాట వినబడేది కాదు. నా వైపు తలుపు పైన గుడ్డ చిరిగి, ఆ సందులోంచి గాలి సూటిగా నా ఎడమ చెవిలోకి. మొదటి చలికాలం అయ్యేసరికి ఆ చెవి కారడం మొదలైంది.

ఇక్కడే నా కడుపు ఎక్కువ మండేది. మేమిద్దరం దర్జీలం. పగలంతా ఊరి గొర్రెలకు, లారీలకు, పెళ్ళి డేరాలకు గాలి దూరకుండా కుడతాం. సాయంత్రం చిరుగుల బండెక్కి వణుక్కుంటూ పోతాం. ఆ టాపుకు రెండు గంటల పని. అబూ సాలెం ఒప్పుకోలేదు. "తమ్ముడి జ్ఞాపకం, కంపెనీ కుట్టు. మీ సూది పెట్టొద్దు. కొత్తది తెప్పిస్తాను" అన్నాడు. ఎప్పుడు? బుక్రా. తమ్ముడేం చనిపోలేదు, జెద్దాలో శుభ్రంగా ఉన్నాడు, పెద్ద బండి కొనుక్కుని.

రెండో చలికాలం మొదట్లో ఒకరోజు కాక దారి పొడవునా దగ్గాడు. గదికి వచ్చాక సంచి విప్పి పాత చీరలు తీశాడు. ఆయన భార్య, మా చిన్నమ్మ చీరలవి. ఊరినుంచి ఎవరొచ్చినా ఒకటో రెండో తెప్పించుకుని, కింద పరుచుకునేవాడు. "గీ వాసనుంటే నిద్రవడతది" అనేవాడు, అంతకు మించి చెప్పేవాడు కాదు. చీరల్ని చింపుతుంటే నాకు భయమేసింది.

"కఫీల్ సూది పెట్టొద్దన్నడు గదా కాక."

"టాపుకు వెట్టద్దన్నడు. నేను టాపుకు వెడ్తలేను. లోపట బొంత గుట్టి కడ్డీలకు కడ్త. మనిషి చలికి బొంత కప్పుకుంటడా లేదా? బండికి కప్పుదాం."

మొదటిసారి కుట్టింది వానకు తడిసింది. మా ఊళ్ళో బొంత తడిస్తే దండెం మీద ఆరేస్తాం, సాయంత్రానికి పెళపెళలాడుతుంది. అక్కడ తెల్లారేసరికి అది గడ్డకట్టి రేకులా బిగుసుకుని మా నెత్తులకు తగిలింది. "పత్తి నీళ్ళు తాగుతదని మర్శిన. ముసలితనం" అని కాక తనను తానే తిట్టుకున్నాడు. నేను నవ్వాను, చాలా రోజుల తర్వాత. మళ్ళీ అంతా విప్పి, మధ్యలో పల్చటి డేరా పట్టా పెట్టి, పదకొండు రోజులు పనయ్యాక గదిలో కూర్చుని కుట్టాడు. ముందు వెడల్పు, వెనక సన్నం, ప్లాస్టిక్కు కిటికీకి ఒక కంత, కడ్డీకొక గొట్టం. అంగుళానికి ఎనిమిది కుట్లు, చేత్తో. ఆకుపచ్చ, పసుపు, మామిడి పిందెల అంచులు. నేను చేసిన పనల్లా దీపం పట్టుకోవడం, సూదిలో దారం ఎక్కించడం. ఒక పక్క నేను కుడతానంటే ఇచ్చాడు. మర్నాడు చూస్తే నా కుట్లు విప్పి మళ్ళీ కుట్టి ఉన్నాయి.

అది కట్టిన రోజు నుంచి బండి లోపల ఇల్లయింది. గాలి ఆగింది, చప్పుడు ఆగింది. పైకి చూస్తే చిన్నమ్మ చీరలు. పొద్దున్నే సర్వపిండి గిన్నె కాక ఒళ్ళో వేడివేడిగా ఉండేది, ఆ నువ్వుల వాసన బండి నిండేది. బయటినుంచి చూస్తే అదే చిరుగుల టాపు. అబూ సాలెం ఏనాడూ లోపలికి తొంగి చూడలేదు.

మాఘమాసం అనుకుంటాను, రాత్రంతా వాన పడి తెరిపిచ్చిన పొద్దు. పొగమంచులో పొలం దారి మలుపు తిరిగేసరికి ఎదురుగా పోలీసు బండి. ఆ దారిలో అంతకు ముందెప్పుడూ తనిఖీ లేదు. ఇలాంటప్పుడు ఏం చేయాలో వందసార్లు అనుకున్నాం. మాట నాది, కాక నిద్ర నటించాలి, అడిగితే కఫీల్ వాళ్ళ పొలం మనిషి అని నేను చెప్పాలి.

వచ్చింది కుర్ర పోలీసు. పళ్ళు టకటకలాడుతున్నాయి. అద్దం దించగానే లోపలి వెచ్చదనం తగిలి తల లోపలికి పెట్టాడు. కాగితం అడగడమే మర్చిపోయి పైకి చూశాడు. చేయి పెట్టి బొంతను తడిమాడు, కుట్ల మీద వేలు పెట్టి చివరిదాకా నడిపాడు. "మాషా అల్లా! మీన్ సవ్వా హాదా?" అన్నాడు. ఇది ఎవరు చేశారు అని.

"అనా," అన్నాను. నేను.

కాక కళ్ళు తెరిచాడు. రెండేళ్ళుగా ఇకామా పోయినా, హక్కు పోయినా, చలి ఎముకలు కొరికినా ఒక్క పొల్లు మాట అనని మనిషి, సీటులో నిటారుగా లేచి కూర్చున్నాడు. "లా! కద్దాబ్!" అని అరిచాడు. కాదు, వీడు అబద్ధాలకోరు అని. రెండు చేతులూ చాచి, సూదులు దిగి గట్టిపడ్డ వేళ్ళు పోలీసు మొహం ముందు పెట్టాడు. "అనా ఖయ్యాత్. అనా! ఇరవయ్యేండ్లాయె, గీ చెయ్యి నాది!" నేనే దర్జీని అని, సగం అరబ్బీ, సగం తెలుగు.

పోలీసు నవ్వాడు. మంచివాడే. నవ్వుతూనే, అలవాటుగా, "ఇకామా?" అని చేయి చాచాడు.

ఆ తర్వాత వాళ్ళ పెద్దాయన వచ్చాడు. అబూ సాలెంకు ఫోను కొట్టాడు. స్పీకరులో ఆ తియ్యటి గొంతు మాకు వినబడింది. డ్రైవరు తనవాడేనట. ముసలివాడెవరో తెలియదట. దారిలో ఎక్కించుకున్నాడేమో అన్నాడు. "అబద్ధం, ఈయన మా దుకాణం మనిషి, మేమిద్దరం కలిసే..." అని అందుకోబోయాను. కాక నా తొడ మీద గట్టిగా గిచ్చాడు.

"ఊకో. నువ్వు డ్రైవర్‌వే. దుకాణమంటె నువ్వు గూడ పోతవ్" అని తెలుగులో అని, పోలీసు వైపు తిరిగి, వచ్చీరాని అరబ్బీలో, ఈ పిలగాడు నాకు తెలియదు, చలికి చేయి చూపిస్తే ఆపాడు, పాపం అన్నాడు. అయిదు నిమిషాల క్రితం నన్ను అబద్ధాలకోరన్న నోటితోనే నాకోసం అబద్ధమాడాడు. బండి దిగేటప్పుడు ఒకసారి పైకి చూశాడు. నా వైపు చూడలేదు.

తర్హీల్‌లో నెల పైన ఉంచి, పది వేళ్ళ ముద్రలూ తీసుకుని పంపించారు. ఏది జరగకూడదని రెండు చలికాలాలు కాచుకున్నాడో అదే జరిగింది. చేతిసంచి కూడా లేదట, ఒంటి మీది స్వెట్టరుతో దిగాడట. నేనేం చేశాను? రాజీనామా చేసి కఫీల్ మొహాన కొట్టానా? లేదు. మరో చలికాలం అదే బండి, అదే బొంత కింద, వెచ్చగా నడిపాను. మా ఇంటికి ఫోను చేసినప్పుడల్లా ఒకే మాట చెప్పేవాణ్ణి. "నేనేమో కాకను కాపాడదామని, ఆయన దిక్కు చూపు పోవద్దని, కుట్టు నా మీద వేసుకున్న. కాక పౌరుషానికి వొయి పాడుజేసుకున్నడు. ఒక్క మాట మింగితె ఏంబోతుండె?" ఆ మాట మా ఊరినుంచి వాళ్ళ ఊరికి పోయింది. నేను తిరిగొచ్చేటప్పుడు ఒక శుక్రవారం కూర్చుని కుట్లు విప్పి, బొంతను కడ్డీల నుంచి తీసి, నా లగేజీలో పెట్టుకుని తెచ్చాను. కంబళ్ళు, పాలపొడి, సబ్బులు తేలేదని మా ఆవిడ నెల రోజులు మొహం ముడుచుకుంది.

కాకకే ఇచ్చేద్దామని ఆయన ఇంటికి పట్టుకెళ్ళాను. ఎండలో కుక్కి మంచం మీద కూర్చుని ఉన్నాడు. బొంతను ఒళ్ళో వేసుకుని గొట్టాలు ఒక్కొక్కటీ చూశాడు. "కుట్టు ఇప్పుడు గూడ రాదు నీకు. గుంజినవ్, పోగు తెగింది" అన్నాడు. తర్వాత మొహం ఎత్తకుండానే అడిగాడు.

"గారోజు నువ్వు గుట్టినవని అన్నవ్ సూడు. నన్ను కాపాడేటందుకేనా బిడ్డా?"

"అవును కాక. మరెందుకు?" అన్నాను.

"మంచిది" అన్నాడు.

కాదు. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నాను. ఆ క్షణంలో కాపాడాలన్న ఆలోచన నాకు లేనే లేదు. ఆ పోలీసు కాగితం అడగలేదు, కాకను అనుమానించలేదు. పొలం మనిషి ఒకడు కుట్టాడంటే సరిపోయేది, ఊళ్ళో కొన్నామంటే సరిపోయేది. రెండున్నరేళ్ళలో నన్ను, నా పనిని చూసి మెచ్చుకున్నవాడు లేడు. ఆ చలి పొద్దున ఒక పరాయి మనిషి కళ్ళు పెద్దవి చేసి మాషా అల్లా అంటే, అది నాకు కావాలనిపించింది. చేయి చాచి తీసుకున్నాను. అంతే. అబూ సాలెం ఇరవయ్యేళ్ళ కష్టాన్ని తీసుకున్నాడు, నేను పదకొండు రోజుల పనితనాన్ని తీసుకున్నాను. కాక మొదటిది ఓర్చుకున్నాడు.

పోయినేడు కాక పోయాడు. దినాలకు వెళ్ళాను. చిన్నమ్మ పెట్టె తెరిచి బొంత తీసి నా చేతుల్లో పెట్టింది.

"ఇగో గంగాధరీ, నీ బొంత. గంగాధరి వస్తె ఇయ్యుమని చెప్పిండు."

"నాదేంది చిన్నమ్మా? ఇవన్ని నీ చీరెలే గద."

"చీరెలు నాయే. కుట్టు నీది. వచ్చినోళ్ళందరికి చూపిచ్చెటోడు. గీ వంకరేంది, గీ కంతేంది అని అడిగితె, బండికి గప్పింది, మా గంగాధరి కుట్టిండు, నా కన్న సాఫ్ గుట్టిండు సూడుండ్రి అనెటోడు."

"కాదు చిన్నమ్మా. కాకనే కుట్టిండు. నేను దారమెక్కిచ్చిన, గంతే."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఆయన ఎన్నడన్న అబద్దమాడిండా బిడ్డా?"

ఆడాడు చిన్నమ్మా, రెండుసార్లు, రెండూ నాకోసమే అని చెప్పాలనుకున్నాను. చుట్టూ జనం ఉన్నారు. చెప్పలేదు. కాక అందరికీ అలా చెప్పడం నన్ను క్షమించడమో, శిక్షించడమో ఈ రోజుకీ తెలియదు. తిట్టి ఉంటే బాగుండేది. నా కుట్లు విప్పి ఒళ్ళో పడేసినట్టు, ఆ మాట కూడా విప్పి పడేసి ఉంటే ఏడ్చి ఊరుకునేవాణ్ణి.

ఇప్పుడు తబూక్ వెళ్ళివచ్చినవాళ్ళు అక్కడ అంతా మారిపోయిందంటారు. కాగితాలన్నీ ఫోనులోనే వస్తాయట, కఫీల్ చెయ్యి మునుపటంత లేదట. సంతోషం. నా చెవి ఇప్పటికీ చలికాలం కారుతుంది. మనవాళ్ళు చలిలో టాపు విప్పుకుని, డబ్బిచ్చి మరీ వణుకుతున్నారు.

ఆ సాయంత్రం ఫోటోలు అయ్యాక మావాడు బతిమాలుకోవడానికి నా గదికి వచ్చాడు. "తప్పయింది పెద్దనాయినా. గంత కష్టపడి కుట్టుకున్నదాన్ని అడగకుంట తీసుకపోయిన" అన్నాడు. కూర్చోబెట్టి చెప్పాను. అది నేను కుట్టలేదు, రాజీరు కాక కుట్టాడు, నేను దారం ఎక్కించాను, నీ ఫోటోల వాడితో కూడా ఆ మాటే చెప్పు అన్నాను. వాడి కళ్ళు చెమర్చాయి. ఫోను తీసి పెళ్ళికూతురికి కలిపాడు.

"సూసినవా, మా పెద్దనాయిన అంటె గిట్లుంటది," అన్నాడు. "తన చేతిపని గూడ గురువు పేరుమీద వెడ్తుండు."

అప్పుడు వచ్చిన కోపంతోనే ఇదంతా రాశాను.